పడదు అంటే ఏది పడదు?

ఈ నెల ఉత్తరాల్లో నాలుగు ఒకే దారిన వచ్చాయి. అంగడికి పోతే ఒళ్లు చెడుతోందని ఒకరు, అంగట్లో పనిచేస్తే ఊపిరి ఆడడం లేదని ఒకరు, అంగట్లోనో హోటల్లోనో కొన్నది పడలేదని ఇద్దరు. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టాను. ముందే ఒక మాట. నేను డాక్టరును కాదు, కడపలో ఇరవై రెండేళ్లు మందులంగడి కౌంటరు వెనక నిలబడిన ఫార్మసిస్టును. మందు రాసివ్వను. ఏం గమనించాలో, డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఏం చెప్పాలో మాత్రం చెప్తాను.

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం. నాకు నలభై రెండేళ్లు, స్కూల్లో టీచర్ని. మా ఆడబిడ్డ కూతురి పెళ్లికి చీరలు తీయడానికి పోయినప్పుడల్లా నాకు నరకమే. పెద్ద షోరూంలో అడుగు పెట్టిన రెండు నిమిషాలకే తుమ్ములు, కళ్లలో నీళ్లు. ఇరవై నిమిషాలు కూర్చుంటే కణతలు పగిలిపోయేంత తలనొప్పి, వాంతి వచ్చేట్టు ఉంటుంది, ఇంటికొచ్చి లైటు తీసేసి పడుకోవాల్సిందే. ఇది చాలదన్నట్టు పోయిన నెల కొత్త జాకెట్టు వేసుకున్న రెండో రోజు చంకల దగ్గర, వీపు మీద ఎర్రగా పొక్కి వారం రోజులు ఒకటే దురద. రక్తపరీక్షల్లో అన్నీ నార్మల్. మా అత్త అయితే ‘బిల్లు కట్టే టయానికి దీనికి తలనొప్పి వస్తుంది’ అంటుంది. ఫోన్లో చూస్తే కెమికల్ సెన్సిటివిటీ అని ఒకటుందట. నాకు అదేనా, లేకపోతే నిజంగానే మనసులో పుట్టిందా?

జవాబు: మీ అత్తకు ఈ పేజీ చదివి వినిపించండమ్మా, ఆమెకు కూడా పనికొస్తుంది.

మన దగ్గర ‘పడదు’ అని ఒక మాట ఉంది. వంకాయ పడదు, ఏసీ పడదు, అగరొత్తి పొగ పడదు, తోడికోడలు పడదు. అన్నిటికీ ఒకటే మాట కాబట్టి డాక్టరు దగ్గరకు పోయినా ‘సార్, బట్టలంగడి పడదు’ అనే చెప్తాం, ఆయన సెట్రిజిన్ రాస్తాడు, అది వేసుకుని మధ్యాహ్నమంతా తూగుతాం, తర్వాతి సారి అంగడికి పోతే కథ మళ్లీ మొదటికే. మీ ఉత్తరంలో ఉన్నది ఒక జబ్బు కాదు, మూడు వేరువేరు సంగతులు. వాటిని విడదీసింది కూడా మీరే, తెలియకుండానే. రెండు నిమిషాలు, ఇరవై నిమిషాలు, రెండో రోజు. ఆ మూడు లెక్కలూ నాకు మీ రక్తపరీక్ష కంటే ఎక్కువ చెప్తున్నాయి.

ముందు రెండు నిమిషాలది. షోరూంలో ముక్కుకు ఏమేం తగులుతాయో నేను ఒకసారి లెక్కపెట్టాను, ఎందుకంటే నాకూ తుమ్ములే. కడప వైవీ స్ట్రీట్‌లో ఆషాఢం డిస్కౌంట్ల రోజుల్లో ఒక అంగడికి పోయి పరుపు మీద కూర్చున్నాను. అబ్బాయి మడత చీరను అంచు పట్టుకుని ఒక్క విదిలింపుతో పరిచాడు, ట్యూబులైటు వెలుతురులో సన్నటి నూగు లేచి మెల్లగా దిగడం కంటికి కనిపించింది. అలాంటివి అరగంటలో నలభై చీరలు విప్పుతారు. దానికి తోడు వెనక అల్మారాలో నాఫ్తలీన్ ఉండలు, తలుపు పైన పది నిమిషాలకొకసారి బుస్సుమని కొట్టే సెంటు డబ్బా, కొత్త బట్ట గంజి వాసన, సాయంత్రం ఆరు కొట్టగానే ఓనరు గల్లాపెట్టె నుంచి మొదలుపెట్టి మూలమూలకూ తిప్పే సాంబ్రాణి. తలుపులన్నీ మూసి ఏసీ. ఆ ఏసీ చాలా చోట్ల బయటి గాలి తీసుకోదు, లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, అంటే పొద్దున కొట్టిన సెంటు కూడా సాయంత్రం దాకా మన ముక్కు కోసం కాచుకుని ఉంటుంది.

వీటిలో అసలైన అలర్జీ కొన్నిటికే. అలర్జీ అంటే ఒంట్లోని కాపలా వ్యవస్థ ఒక పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుని మళ్లీ కనిపించగానే విరుచుకుపడడం. దుమ్ములో ఉండే పురుగుల మీద, పుప్పొడి మీద అట్లా జరుగుతుంది. సెంటు, పొగ, చల్లగాలి చేసేది వేరు. అవి ముక్కు పొరను ఊరికే రేపుతాయి, దానికి పాత పగ ఏమీ అక్కర్లేదు. అనంతపురం ఎండలో నలభై డిగ్రీల నుంచి ఒక్క అడుగులో ఇరవై రెండు డిగ్రీల్లోకి పోతే చాలు, కొందరికి ముక్కు కారడం మొదలవుతుంది. ఒక పని చేయండి. ఏసీ ఉన్న బ్యాంకుకు పోయినప్పుడు కూడా తుమ్ములొస్తున్నాయా చూడండి. వస్తే చల్లగాలి. ఇంట్లో పాత బీరువా తెరిచినా, పరుపులు దులిపినా వస్తే దుమ్ము. రెండో దానికి చేతి మీద చుక్కలు వేసి పొడిచి చూసే చర్మపరీక్ష ఉంది, పదిహేను ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. చల్లగాలికీ సెంటుకూ అట్లాంటి పరీక్ష లేదు. అందుకే ‘అన్నీ నార్మల్’ అని వచ్చేది.

ఇక ఇరవై నిమిషాల తలనొప్పి. కణతల పోటు, వాంతి వచ్చేట్టుండడం, వెలుతురు చూడలేక లైటు తీసి పడుకోవడం. ఇది చదవగానే నాకు తట్టింది మైగ్రేన్. ఘాటైన వాసనలు మైగ్రేన్‌ను లేపడం బాగా తెలిసిన సంగతే, నొప్పి ఉన్నప్పుడు చిన్న వాసన కూడా భరించలేకపోవడం కూడా ఆ జబ్బు గుణమే. పైగా పెళ్లి షాపింగ్ అంటే మధ్యాహ్నం భోజనం మూడింటికి, నీళ్లు తాగితే బాత్రూం ఎక్కడుందో అని తాగకపోవడం, మీ అత్తగారి మాటల టెన్షన్. ఇవన్నీ దాన్ని పిలిచి కూర్చోబెట్టేవే. మీరు డాక్టరుకు ‘అలర్జీ’ అని చెప్పి ఉంటారు, ఈసారి ఆ మాట అనకుండా తలనొప్పి ఎట్లా మొదలై ఎట్లా పోతుందో వరసగా చెప్పండి. మైగ్రేన్ అని తేలితే దానికి వేరే మందులున్నాయి, సెట్రిజిన్ దానికి పనిచేయదు.

రెండో రోజు వచ్చిన పొక్కులే మీ ఉత్తరంలో నిక్కమైన కెమికల్ అలర్జీలా ఉన్నాయి, మీరేమో దాన్ని ‘ఇది చాలదన్నట్టు’ అని చివర్లో రాశారు! చర్మం మీద ఈ రకం అలర్జీ వెంటనే రాదు, ఒకటి రెండు రోజులు తీసుకుంటుంది. అందుకే చాలామంది నిన్న తిన్న చేపల పులుసు మీద నేరం మోపుతారు. జాకెట్టు విషయంలో అనుమానించాల్సినవి రెండు. ముదురు రంగు పాలిస్టర్ లైనింగ్‌లో వాడే డిస్పర్స్ రంగులు ఒకటి. ఇవి బట్ట పోగుకు గట్టిగా పట్టుకుని ఉండవు, చెమట తగిలితే వదిలి చర్మానికి అంటుకుంటాయి. రెండోది ముడతలు పడకుండా ఉండే బట్టలకు పూసే రెసిన్ అనే పూత, దాని నుంచి ఫార్మాల్డిహైడ్ అనే రసాయనం కొద్దికొద్దిగా ఊరుతుంటుంది. ఒక గుర్తు చెప్తాను చూడండి. పొక్కులు చంక గుంట లోపల వస్తే సెంటు, డియోడరెంటు లాంటివాటిని అనుమానించాలి. గుంట బాగానే ఉండి దాని చుట్టూ, బట్ట ఒరుసుకునే అంచుల్లో వస్తే బట్టను అనుమానించాలి. మీకు ఎక్కడ వచ్చిందో ఫోటో తీసిపెట్టుకుని ఉంటే బాగుండేది, మళ్లీ వస్తే తీయండి.

దీన్ని తేల్చేది ప్యాచ్ టెస్ట్. వీపు మీద చిన్న చిన్న బిళ్లల్లో అనుమానం ఉన్న రసాయనాలు పెట్టి అంటిస్తారు, రెండు రోజులకు తీసి చూస్తారు, మళ్లీ నాలుగో రోజో ఆ చుట్టుపక్కలో ఇంకోసారి చూస్తారు. అన్ని రోజులూ వీపు తడపకూడదు, చెమట పట్టకూడదు, కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో మన ఊర్లలో పెట్టుకోవద్దు. చర్మం డాక్టరును అడగండి, కాలేజీ ఉన్న పెద్దాస్పత్రుల చర్మ విభాగాల్లో అడిగితే ఎక్కడ చేస్తారో చెప్తారు. అన్నట్టు, తలకు నల్లరంగు వేసుకుంటారా? దాంట్లో ఉండే పీపీడీ అనే రసాయనం పడనివాళ్లలో కొందరికి ఈ ముదురు బట్టల రంగులు కూడా పడవు, రెండూ చుట్టాల్లాంటివి. ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. ఈలోగా కొత్త బట్ట ఏదైనా రెండుసార్లు ఉతక్కుండా ఒంటికి తగలనీయొద్దు, జాకెట్లకు తెల్ల కాటన్ లైనింగ్ వేయించుకోండి. పట్టు జాకెట్టుకు తెల్ల లైనింగ్ ఏంది మేడం అని టైలరు గొణుగుతాడు, గొణగనీండి.

ఇక ఫోన్లో చూసిన ఆ పెద్ద పేరు. అమెరికాలో షికాగోలో థెరాన్ రాండాల్ఫ్ అనే అలర్జీ డాక్టరు 1950ల నుంచే కొందరికి మామూలు రసాయనాల వాసనలు కూడా ఒళ్లంతా పాడుచేస్తాయని చెప్తూ వచ్చాడు. 1987లో మార్క్ కలెన్ అనే డాక్టరు దానికి మల్టిపుల్ కెమికల్ సెన్సిటివిటీ అని హద్దులు గీశాడు. 1996లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లు మరికొన్ని సంస్థలతో కలిసి బెర్లిన్‌లో పెట్టిన సమావేశంలో, రసాయనమే కారణమని రుజువు కాలేదు కాబట్టి పేరు మార్చాలన్నారు. పరిసరాలను ఒళ్లు ఓర్చుకోలేకపోవడం, కారణం తెలియదు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. వాసన తెలియకుండా గదిలోకి ఒకసారి రసాయనం, ఒకసారి ఉత్త గాలి వదిలి చూసిన పరీక్షల్లో చాలామంది ఏది ఏదో పోల్చుకోలేకపోయారు, ఉత్త గాలికి కూడా బాధలు వచ్చాయి. దీన్ని పట్టుకుని ‘చూశావా, అంతా నాటకం’ అనేవాళ్లున్నారు. నాకైతే అది తప్పనిపిస్తుంది. ఉత్త గాలికి కూడా తలనొప్పి వచ్చిందంటే తలనొప్పి అబద్ధమని కాదు కదా. ఒక వాసనతో ఒకసారి బాగా ఇబ్బంది పడిన మెదడు ఆ వాసన సూచన కనిపించగానే ముందే గంట కొడుతుందని కొందరు పరిశోధకుల మాట. అట్లాంటప్పుడు ఉన్న కష్టమేమంటే, తప్పించుకునే కొద్దీ జాబితా పెరుగుతుంది. ఈరోజు షోరూం, రేపు గుడి, ఎల్లుండి చుట్టాల ఇల్లు. నా దగ్గరికొచ్చే ఒకావిడ చివరికి నెలకోసారి మందులకు తప్ప గడప దాటకుండా అయింది. మీరింకా అక్కడికి పోలేదు, పోవద్దు. ముందు ముక్కు, మైగ్రేన్, చర్మం ఈ మూడూ చూపించుకోండి. అవి తేలాక కూడా ఏదైనా మిగిలితే అప్పుడు ఆ పేరు గురించి ఆలోచిద్దాం.

పెళ్లి దగ్గర పడింది కాబట్టి షాపింగ్ మాట. పొద్దున అంగడి తెరిచిన గంటలోపు, వారం మధ్యలో పొండి. జనం ఉండరు, సాంబ్రాణి ఉండదు. కడుపునిండా తిని, నీళ్ల బాటిల్ పట్టుకుని పోండి. సెంటు డబ్బా ఆపమని అడగండి, సిగ్గేం లేదు, లక్ష రూపాయల బిల్లు చేసేవాళ్లు అడిగితే ఎవరైనా ఆపుతారు. తలుపు దగ్గర కూర్చోండి, పదిహేను నిమిషాలకొకసారి బయటికొచ్చి నిలబడండి. మీ ఆడబిడ్డ లోపల ఎంచి నాలుగు చీరలు బయట వెలుతురులోకి తెప్పిస్తే ఇంకా మంచిది, ఎట్లాగూ ట్యూబులైటు కింద చూసిన రంగు ఇంటికొచ్చాక మారిపోతుంది. మాస్కు గురించి చాలామంది అడుగుతారు. ఎన్95 నూగును, దుమ్మును ఆపుతుంది, వాసనను ఆపదు. వాసనకు బొగ్గు పొర ఉన్న మాస్కు కొంత నయం. గుడ్డ మాస్కు రెంటికీ పెద్దగా పనికిరాదు.

ప్రశ్న: అక్కా, కర్నూల్లో సి.క్యాంప్ దగ్గర ఒక సూపర్‌మార్కెట్లో పనిచేస్తాను, ఇరవై ఆరేళ్లు. సర్ఫు పొడులు, ఫినాయిలు, బాత్రూం యాసిడ్ల సెక్షన్ నాదే. మధ్యలో కారంపొడి ప్యాకింగ్ కూడా వేస్తారు. ఆర్నెల్ల నుంచి రాత్రి పడుకుంటే దగ్గు, ఛాతీలో పిల్లికూతలు. డస్ట్ అలర్జీ అని మందులిచ్చారు, తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ఓనరు మాస్కు పెట్టుకోమంటాడు. ఏం చేయాలి?

జవాబు: తమ్ముడూ, నీకు గడియారం కాదు, క్యాలెండరు కావాలి. ఒక చిన్న నోటుబుక్కులో నాలుగు వారాలు రాయి, ఏ రాత్రి దగ్గొచ్చింది, ఏ రాత్రి రాలేదు, ఆరోజు డ్యూటీ ఉందా లేదా. వారం సెలవు రోజున, పండక్కి ఊరికి పోయిన మూడు రోజుల్లో తగ్గి, మళ్లీ డ్యూటీ ఎక్కిన రెండో రోజుకు తిరిగొస్తుంటే అది పని వల్ల వచ్చే ఆస్తమా కావచ్చు. ‘డస్ట్ అలర్జీ’ అన్న డాక్టరుకు నువ్వేం పని చేస్తావో చెప్పావా? చెప్పి ఉండవు, ఆయనా అడిగి ఉండడు. ఈసారి ఆ నోటుబుక్కు టేబుల్ మీద పెట్టు. ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరైతే ఊది చూసే పీక్ ఫ్లో మీటరు కొనిపిస్తారు. డ్యూటీ రోజూ, సెలవు రోజూ దాంట్లో ఊది అంకెలు రాస్తే విషయం తేలిపోతుంది.

సర్ఫు పొడి ఉత్త సబ్బు కాదు. మరకలు తినడానికి ఎంజైములు కలుపుతారు. 1960ల చివర్లో బ్రిటన్‌లో ఆ పొడి తయారుచేసే ఫ్యాక్టరీల పనివాళ్లకు ఆస్తమా రావడంతో సంగతి బయటపడింది, తర్వాత కంపెనీలు ఎంజైములను పూత వేసిన గింజలుగా మార్చి దుమ్ము లేవకుండా చూశాయి. ప్యాకెట్ కొనుక్కుపోయే వాళ్లకు ఆ భయం తక్కువే. నీ పని వేరు. పగిలిన ప్యాకెట్లు, అలమారా అడుగున రాలిన పొడి, దాన్ని పొడి చీపురుతో ఊడ్చడం. రేపటి నుంచి తడిబట్టతో తుడువు, ఊడ్చొద్దు. కారంపొడి సంగతి వేరు. కారం ఘాటుకు దగ్గడానికి అలర్జీ అక్కర్లేదు, ముక్కు ఉంటే చాలు. కానీ ఆస్తమా ఉన్నవాడికి ఆ ఘాటు ఇంకో దెబ్బ, కాబట్టి ప్యాకింగ్ నుంచి తప్పించమని అడుగు.

ఇంకొకటి, ఇది నీకే కాదు మీ అంగట్లో నేల తుడిచే అమ్మాయికి కూడా చెప్పు. బ్లీచింగూ బాత్రూం యాసిడూ ఒకే బకెట్లో కలపకూడదు. కలిస్తే క్లోరిన్ గాలి వస్తుంది, మూసిన బాత్రూంలో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. మరక బాగా పోతుందని కలిపేవాళ్లను నేను చూశాను.

మాస్కుతో ఆగదు తమ్ముడూ. పని ఆస్తమా అని తేలితే ఎంత తొందరగా ఆ సెక్షన్ నుంచి బయటపడితే అంత బాగా కోలుకుంటావు, ఏళ్లు గడిచాక మారితే జబ్బు అట్లాగే ఉండిపోవచ్చు. బియ్యం పప్పుల వైపుకో, బిల్లింగ్‌కో మార్చమని డాక్టరు చేత కాగితం రాయించుకుని అడుగు. జీతంలో ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా కోత ఉందేమో పేస్లిప్పు చూసుకో, ఉంటే పరీక్షల ఖర్చు నీ జేబు మీద పడదు.

ప్రశ్న: మాది అనంతపురం పక్కన పల్లె. మా పాపకు ఐదేళ్లు. హోటల్లో దోసెతో చట్నీ తిని పది నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు వాచాయి. శెనక్కాయలు పడవన్నారు డాక్టరు. మా జేజి ‘శెనక్కాయలు పండే ఊర్లో పుట్టి పడకపోవడమేంది, రోజూ ఒకటి పెడితే అదే అలవాటవుతుంది’ అంటుంది. అంగట్లో ఏదైనా కొనాలంటే భయమేస్తోంది.

జవాబు: ఒక్కటి కూడా పెట్టొద్దమ్మా. జేజికి గట్టిగా చెప్పండి, నొచ్చుకున్నా సరే. కొంచెం కొంచెం కొలిచి అలవాటు చేసే వైద్యం ఒకటుంది, అది ఆస్పత్రిలో, ఏమైనా అయితే కాపాడే ఏర్పాట్ల మధ్య డాక్టర్లు చేసేది, వంటింట్లో కాదు.

సీలు వేసిన ప్యాకెట్లు నయం. మన దేశంలో ఫుడ్ సేఫ్టీ సంస్థ 2020 లేబుల్ నిబంధనల ప్రకారం వేరుశనగ, పాలు, గుడ్లు, చేపలు, గోధుమ లాంటివి ఉంటే ప్యాకెట్ మీద విడిగా రాయాలి. అక్షరాలు చీమల్లా ఉంటాయి, ఫోన్ కెమెరాతో పెద్దవి చేసి చూడండి. భయపడాల్సింది విడిగా తూకం వేసి అమ్మేవాటికి. మిఠాయి అంగట్లో నిలబడి రెండు నిమిషాలు చూడండి. పల్లీ చిక్కీ ముక్కలు తీసిన చేత్తోనే బూందీ లడ్డు, అదే పళ్లెం త్రాసులో. మిక్చరు తోడిన గరిటే కారప్పూసలో. మీ పాపకు ఆ పొడి చాలు. గానుగ నూనె కూడా వద్దు, దాంట్లో గింజ ప్రోటీన్ మిగిలి ఉంటుంది. హోటల్లో ‘చట్నీలో పుట్నాలా, పల్లీలా’ అని అడగడం మరిచిపోవద్దు, ‘రెండూ మేడం’ అనేదే ఎక్కువ.

దద్దుర్లతో పాటు గొంతు బొంగురు, ఆయాసం, పదేపదే వాంతులు, కళ్లు తిరగడం వీటిలో ఏది తోడైనా సిరప్పు తాగించి చూద్దాం అనుకోవద్దు. అలర్జీ సిరప్పు దద్దుర్లను తగ్గిస్తుంది, మూసుకుపోయే గొంతును తెరవలేదు. అప్పుడు కావాల్సింది తొడ కండలో అడ్రినలిన్ ఇంజెక్షన్. 108కి ఫోన్ చేసి ‘పిల్లకు అలర్జీతో ఊపిరి ఆడడం లేదు’ అని చెప్పండి, పాపను పడుకోబెట్టండి, ఆయాసం ఉంటే ఒళ్లో ఆనించి కూర్చోబెట్టండి, నడిపించొద్దు. అడ్రినలిన్ ఇంట్లో పెట్టుకోవాలా, పాప బరువుకు ఎంత, ఎవరు వేయాలి అన్నది ఈ వారంలోనే డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి. ఒక కాపీ స్కూలుకు ఇవ్వండి.

ప్రశ్న: ప్రొద్దుటూరు నుంచి రాస్తున్నా. ఫ్యాన్సీ అంగట్లో స్టిక్కర్ బొట్లు ప్యాకెట్ కొన్నా. రెండు నెలలకు నుదుటి మీద అదే సైజులో తెల్ల మచ్చ. రోల్డుగోల్డు కమ్మలకు చెవులు కూడా చీము పడుతున్నాయి. రెండూ ఒకటేనా?

జవాబు: రెండూ వేరు. కమ్మలది ఎక్కువగా నికెల్ అలర్జీ. వాచుకు, బెల్టు బకిలుకు కూడా నీకు దురద వస్తుందా చూసుకో. చీము పట్టింది కాబట్టి ముందు డాక్టరుకు చూపించు, మానాక స్వచ్ఛమైన బంగారమో వెండి తీగో వేసుకో.

బొట్టుది అలర్జీ కంటే తొందరపడాల్సిన సంగతి. కొన్ని స్టిక్కర్ల జిగురులో పారా టెర్షరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం ఉంటుంది, అది చర్మానికి రంగునిచ్చే కణాలను చంపుతుంది. దురద లేకపోయినా మచ్చ వస్తుంది. ఈరోజే ఆపెయ్. బ్రాండు మార్చి చూద్దాం అనుకోవద్దు, చాలా ప్యాకెట్ల మీద జిగురులో ఏముందో రాయరు. చిన్నగా ఉన్నప్పుడే చర్మం డాక్టరుకు చూపిస్తే రంగు తిరిగి రావచ్చు. అద్దం మీద అంటించి పెట్టిన పాత బొట్లు కూడా తీసి పారెయ్, లేకపోతే పెళ్లికి పోయే హడావుడిలో చెయ్యి దానంతట అదే అక్కడికి పోతుంది. కుంకుమ పెట్టుకోవచ్చా అంటే, సంతలో గులాబీ రంగులో మెరిసేవి వద్దు, వాటి రంగులు కూడా కొందరికి పడవు. పసుపుతో ఇంట్లో చేసిన కుంకుమ దొరికితే ముందు మోచేతి మడతలో రెండు రోజులు రాసి చూసుకుని తర్వాత నుదుటికి పెట్టుకో.